రక్షకుడి విగ్రహం ఎవరు నిలబెట్టాలి?

బుడాపెస్టు, చుండూరు, విజయవాడ: స్మారకాల చరిత్ర మీద కొన్ని ఆలోచనలు

కృష్ణా డెల్టాలో విగ్రహం లేని ఊరు దాదాపు లేదు. సెంటర్లో గాంధీ, పంచాయితీ ఆఫీసు ముందు బడో గుడో కట్టించిన దాత, రోడ్డు మలుపులో పార్టీ నాయకుడు, వాడ మొగలో అంబేద్కర్. ఏ విగ్రహం ఎక్కడుందో చూస్తే ఆ ఊళ్లో ఎవరి చోటు ఎక్కడో తెలిసిపోతుంది. అగ్రకుల పెద్దల గురించి చెప్పేటప్పుడు ఒక మాట తరచుగా వినపడుతుంది: దీనజనోద్ధారకుడు, హరిజనోద్ధారకుడు. ఉద్ధరించినవాడి పేరు రాతి మీదకి ఎక్కుతుంది. ఉద్ధరింపబడ్డారని చెప్పే జనం పేర్లు గానీ, వాళ్ల సాక్ష్యం గానీ ఎక్కడా ఉండవు. ఆ బిరుదు ఎవరిచ్చారు, ఏ రుజువు మీద ఇచ్చారు అని అడిగే పద్ధతి మనకు లేదు.

అడిగే పద్ధతి ప్రపంచంలో ఒకచోట ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నాజీలూ వాళ్ల తోడుదారులూ కలిసి సుమారు 60 లక్షల మంది యూదులను చంపారు. ఆ రోజుల్లో ప్రాణాలకు తెగించి యూదులను కాపాడిన పరాయి జనాన్ని గుర్తించటానికి, బతికి బయటపడ్డవాళ్లు ఒక కొలత తయారుచేసుకున్నారు. ఆ కొలత ఏమిటి? ఆ రక్షకుల పేర నిలబెట్టిన రాళ్లు ఏం చెప్తున్నాయి, ఏం దాస్తున్నాయి? వాటిని మన డెల్టా స్మారకాల పక్కన పెడితే ఏం తేలుతుంది? ఈ వ్యాసంలో మేము పరిశీలించదలచుకున్నది ఇదే.

యూదుల కథ మనకెందుకు

యూరప్ యూదుల సంగతి మాలమాదిగలకెందుకు అని అడిగేవాళ్లుంటారు. ముందుగా దగ్గరి కారణం చెప్తాం. పాత గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము యూదులమని చెప్పుకుంటున్నాయి. ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము సంతతి తమదని, అందుకే తాము 'బెనే ఎఫ్రాయీము' అని వాళ్ల వాదన. 1990ల మొదట్లో అక్కడ యాకోబీ కుటుంబం చొరవతో ప్రార్థనా మందిరం వెలిసింది. విశ్రాంతి దినం పాటిస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. ఈ సముదాయం గురించి పరిశోధకులు యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఒక పుస్తకమే ప్రచురించారు. ఇజ్రాయెల్ ప్రభుత్వం వీళ్లను యూదులుగా గుర్తించలేదు. వాళ్ల వంశావళి రుజువవుతుందా లేదా అన్నది మాకు ముఖ్యం కాదు. ఊరు తమకు అంటగట్టిన చరిత్రను పక్కన పెట్టి, ప్రపంచ చరిత్రలో హింసను తట్టుకుని నిలిచిన ఒక జనంతో మాదిగలు తమను ముడివేసుకున్నారు. ఆ ముడి దానంతటదే ఒక చారిత్రక ప్రకటన.

ఆ ముడికి వేళ్లు ఇంకా లోతుగా ఉన్నాయి. డెల్టా పల్లెల్లో మిషనరీల కాలం నుంచీ మాలమాదిగల ఇళ్లలో మోషే, అబ్రహాము, యాకోబు, రాహేలు అనే పేర్లు వినపడుతూనే ఉన్నాయి. దాసులుగా ఉన్న జనం దొర దేశం నుంచి నడిచి బయటికొచ్చిన కథ మన పేటల్లో అక్షరాలు రాని ముసలమ్మలకు కూడా తెలుసు. 1985లో కారంచేడులో చనిపోయినవాళ్లలోనూ ఇట్లాంటి పేర్లున్నాయి.

రెండో కారణం అంబేద్కర్. అంటరానివాళ్ల మీద రాసిన ఒక రాతప్రతిలో ఆయన వాళ్లను భారతదేశపు ఘెట్టో పిల్లలన్నాడు. ఆయన పోయిన తర్వాత, 1989లో మహారాష్ట్ర ప్రభుత్వ సంపుటాల్లో అది అచ్చయింది. యూరప్ నగరాల్లో యూదులను గోడ కట్టి వేరుపెట్టిన పేటకు ఘెట్టో అని పేరు. మన ఊళ్లో గోడ అక్కర్లేకపోయింది, డొంకదారి చాలింది. ఐతే రెంటికీ తేడా కూడా ఉంది. యూదుడు బతికుండటమే నాజీకి ఇష్టం లేదు. దళితుడు బతకాలి, కానీ పాలేరుగా, తల వంచుకుని బతకాలి అన్నది ఊరి కట్టుబాటు. తల ఎత్తిన రోజునే చంపుడు మొదలవుతుంది. అందువల్ల అక్కడ రక్షణ అంటే ఒక గడియలో దాచిపెట్టటం, సరిహద్దు దాటించటం. ఇక్కడ రక్షణ అంటే ఆ గడియతో పాటు, ఆ తర్వాత ఇరవై ఏళ్లు కోర్టులో నిలబడటం కూడా.

నిలబెట్టిన విగ్రహం రాత్రికి రాత్రి మాయం

హంగరీ సంగతి చూద్దాం. 1944 మే 15 నుంచి జులై 9 దాకా, ఎనిమిది వారాల్లో, హంగరీ పల్లెల నుంచీ చిన్న పట్నాల నుంచీ సుమారు 4,37,000 మంది యూదులను రైళ్లలో కుక్కి పంపేశారు. ఎక్కువమంది ఔష్విట్జ్‌లో చచ్చిపోయారు. నాజీ జర్మన్లు ఆజ్ఞాపించారు నిజమే, కానీ ఇళ్లలోంచి ఈడ్చి రైలెక్కించింది హంగరీ పోలీసులూ గుమాస్తాలూ. సరిగ్గా ఆ జులైలో స్వీడన్ దేశస్తుడు రావుల్ వాలెన్‌బర్గ్ దౌత్యోద్యోగిగా బుడాపెస్టులో దిగాడు. పెద్ద బ్యాంకుల కుటుంబం వాడు, అమెరికాలో వాస్తుశిల్పం చదివినవాడు. స్వీడన్ రాజముద్ర వేసిన రక్షణ పత్రాలు అచ్చువేయించి యూదులకు పంచాడు. ముప్ఫైకి పైగా ఇళ్లు అద్దెకు తీసుకుని వాటి మీద స్వీడన్ జెండా ఎగరేసి వేలమందిని అందులో పెట్టాడు. 1944 అక్టోబరులో హంగరీ ఫాసిస్టులు గద్దెనెక్కి, డాన్యూబ్ నది ఒడ్డున యూదులను నిలబెట్టి కాల్చి నీళ్లలోకి తోసేస్తున్న రోజుల్లో కూడా ఈ పని సాగింది. 1945 జనవరి 17న సోవియట్ సైన్యం ఆయన్ని తీసుకుపోయింది. మళ్లీ తిరిగి రాలేదు. 1947లో మాస్కో జైల్లో చనిపోయాడని సోవియట్ ప్రభుత్వం పదేళ్ల తర్వాత, 1957లో చెప్పింది.

బతికినవాళ్లు ఊరుకోలేదు. యుద్ధం ముగిశాక స్మారకానికి పూనుకున్నారు. శిల్పి పాత్సయ్ పాల్ ఒక కంచు విగ్రహం పోతపోశాడు: ఒక మనిషి పాముతో కలబడి దాన్ని చంపుతున్నట్టు. 1949 ఏప్రిల్లో సెయింట్ ఇస్త్వాన్ పార్కులో దాన్ని నిలబెట్టారు. తెల్లారితే ఆవిష్కరణ. ఆ రాత్రే ప్రభుత్వం దాన్ని పీకించేసింది. తాము జైల్లో పెట్టిన మనిషికి నడివీధిలో దండ పడటం పాలకులకు ఇష్టం లేకపోయింది. తర్వాత ఆ విగ్రహాన్నే పేరు తీసేసి దెబ్రెత్సెన్ పట్నంలో మందుల ఫ్యాక్టరీ దగ్గర పెట్టారు. అక్కడ పాము రోగానికి గుర్తయింది, మనిషి వైద్యానికి గుర్తయ్యాడు. పేరు తీసేస్తే విగ్రహం అర్థం ఎంత సులువుగా మారిపోతుందో చూడండి. బుడాపెస్టులో వాలెన్‌బర్గ్ విగ్రహం మళ్లీ నిలబడటానికి 1987 దాకా పట్టింది. పాత విగ్రహం నకలు అసలు చోటికి చేరింది 1999లో.

రాత్రికి రాత్రి విగ్రహం మాయం కావటం మనకు కొత్త కాదు. పక్కనే గోదావరి డెల్టాలో, పశ్చిమగోదావరి జిల్లా గరగపర్రులో, 2017 ఏప్రిల్లో దళితులు చెరువు దగ్గర మిగతా నాయకుల విగ్రహాల వరసలో అంబేద్కర్ విగ్రహం పెట్టారు. తెల్లారేసరికి అది అక్కడ లేదు. అడిగినందుకు ఊరంతా ఒక్కటై వాళ్లను వెలివేసింది, పొలం పనులకు పిలవటం మానేసింది. 2022 మే 24న అమలాపురంలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టటాన్ని ఎదిరిస్తూ ఒక దళిత మంత్రి ఇంటికి, ఒక ఎమ్మెల్యే ఇంటికి నిప్పు పెట్టారు. వాడలో ఉన్నంతకాలం ఆ విగ్రహంతో ఎవరికీ పేచీ లేదు. వరసలోకి వస్తేనే పేచీ. స్మారకమంటే గతానికి సంబంధించినదని పుస్తకాలు చెప్తాయి గానీ, ఇవాళ ఎవరు ఎవరి పక్కన నిలబడొచ్చన్నదే దాని అసలు తగాదా.

దిగివచ్చే దేవుడు, పడిపోయిన మనిషి

బుడాపెస్టులోనే ఇంకో స్మారకం ఉంది. స్విట్జర్లాండ్ దౌత్యోద్యోగి కార్ల్ లుట్జ్ కూడా వాలెన్‌బర్గ్ కన్నా ముందునుంచీ వేలమందికి రక్షణ పత్రాలిచ్చాడు. ఆయన పేర 1991లో పాత ఘెట్టో దగ్గర ఒక శిల్పం పెట్టారు. గోడ మీంచి బంగారు రంగు మూర్తి ఒకటి కిందికి వంగి ఉంటుంది. కింద నేల మీద ఒక మనిషి పడి ఉంటాడు. మన కళ్లకు ఈ భంగిమ బాగా తెలిసినదే. ఏనుగు మడుగులో మొర పెట్టుకోవాలి, దేవుడు పైనుంచి దిగి రావాలి. గజేంద్రమోక్షం చదివి పెరిగిన సమాజానికి రక్షణ అంటే ఇదొక్కటే బొమ్మ. హరిజనోద్ధరణ కూడా ఈ బొమ్మలోంచే పుట్టింది. 1933 డిసెంబరులో హరిజన యాత్ర చేస్తూ గాంధీ బెజవాడ వచ్చినప్పుడు, ఈ ప్రాంతంలో ఆ బొమ్మకు కొత్త రంగు పడింది. అంటరానితనం సవర్ణుల పాపం అన్నారు, ప్రాయశ్చిత్తం చేసుకోమన్నారు. పాపి, ప్రాయశ్చిత్తుడు, రక్షకుడు ముగ్గురూ ఒక వైపు మనుషులే. పడిపోయినవాడికి అందులో చేయటానికి ఏమీ మిగల్లేదు.

చరిత్ర మాత్రం వేరేగా ఉంది. గాంధీ యాత్రకు 16 ఏళ్ల ముందే, 1917 నవంబరులో, అదే బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన పంచముల మహాసభ జరిగింది. మేము పంచములం కాదు, ఈ నేల మీద మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అని ఆ సభలో తేల్చి చెప్పారు. సభకు వచ్చిన జనం ఎక్కడ కొండెక్కుతారోనని కనకదుర్గ గుడి తలుపులు మూసుకున్నారన్న సంగతి కూడా చరిత్రలో ఉంది. తమ పేరును తామే మార్చుకున్న జనం పైనుంచి ఎవరూ దిగి రానక్కర్లేదని ఆనాడే చెప్పారు.

బుడాపెస్టులో కూడా లోపలి కథ వేరు. వాలెన్‌బర్గ్ ఆఫీసులో పనిచేసిన కొన్ని వందలమందిలో అత్యధికులు యూదులే. పత్రాలు టైపు కొట్టింది, ఇళ్లకు బియ్యం బ్రెడ్డు చేరేసింది, దొంగచాటున కబురు మోసింది వాళ్లే. స్వీడన్ ముద్ర వాలెన్‌బర్గ్‌ది, ఆ ముద్రకు కాళ్లూ చేతులూ యూదులవి. విగ్రహంలో ఆయనొక్కడే ఉన్నాడు.

బాధితుల చేతిలో కొలత

ఇప్పుడు ఆ కొలత సంగతికొద్దాం. నాజీ హత్యాకాండ జ్ఞాపకాలను భద్రపరచటానికి ఇజ్రాయెల్ పార్లమెంటు 1953లో చట్టం చేసి యాద్ వషేమ్ అనే సంస్థను నెలకొల్పింది. 1962లో జెరూసలేంలో రక్షకుల పేర చెట్లు నాటటం మొదలైంది. ఆస్కార్ షిండ్లర్ చెట్టు దగ్గరే తగాదా వచ్చింది. ఆయన పన్నెండొందల మంది దాకా యూదులను కాపాడిన మాట నిజం. కానీ నాజీ పార్టీ సభ్యుడు, యూదుల ఆస్తులు చేతిలో పడి బాగుపడ్డవాడు కూడా. బతికినవాళ్లలోనే కొందరు అభ్యంతరం చెప్పారు. ఇట్లాంటి తగాదాల తర్వాత 1963లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన ఒక కమిషన్ పెట్టారు. షిండ్లర్ దంపతులకు పూర్తి గుర్తింపు వచ్చింది 1993లో. ఇప్పటిదాకా 28,000 మందికి పైగా ఈ గుర్తింపు పొందారు.

కమిషన్ అడిగే ప్రశ్నలు నాలుగే. ఈ మనిషి తన ప్రాణాన్నో, స్వేచ్ఛనో, బతుకుతెరువునో పణంగా పెట్టాడా? డబ్బు గానీ ఇంకో ప్రతిఫలం గానీ ఆశించకుండా చేశాడా? కాపాడాలన్న ఉద్దేశంతోనే చేశాడా? దీనికి బతికినవాళ్ల సాక్ష్యం గానీ, తిరుగులేని కాగితం గానీ ఉందా? మంచిమాట చెప్పినవాడికి, జాలిపడ్డవాడికి, సభలో ఉపన్యసించినవాడికి ఇందులో చోటు లేదు. బిరుదు ఇచ్చే అధికారం రక్షకుడి కుటుంబానిది కాదు, కులానిది కాదు, పార్టీది కాదు. నన్ను ఫలానావాడు దాచాడు అని చెప్పగలిగినవాడిది.

ఈ నాలుగు ప్రశ్నలూ పట్టుకుని డెల్టా ఉద్ధారకుల వరస దగ్గరికి పోతే ఏమవుతుంది? వాడలో బావి తవ్వించిన పెద్దమనిషి ఏం పోగొట్టుకున్నాడు? సహపంక్తి భోజనం పెట్టినాయన పాలేరు జీతం పెంచాడా? దాడి జరిగిన రాత్రి ఎవరి గడ్డివాములో, ఎవరి వంటింట్లో మనవాళ్లకు చోటు దొరికింది? అడగాల్సింది ఇవే. జవాబు అన్నిచోట్లా లేదనే వస్తుందని మేము అనటంలేదు. అడగకుండా ఇచ్చిన బిరుదు చెల్లదంటున్నాం.

మన దేశంలో ఈమధ్య ఇష్టంగా చెప్పుకునే కథ ఒకటుంది. యుద్ధకాలంలో నవానగర్ రాజు జాంసాహెబ్ దిగ్విజయ్ సిన్హ్‌జీ, దిక్కులేని వందలాది పోలెండ్ పిల్లలకు 1942 నుంచి బాలాచడీలో ఆశ్రయమిచ్చాడు. ఎక్కువమంది క్రైస్తవులు, కొందరు యూదులు. వార్సాలో ఆయన పేర ఒక కూడలి ఉంది. ఆయన చేసింది గొప్ప పనే. ఆ గుర్తింపు బతికిన పిల్లల నోటినుంచి వచ్చింది కాబట్టి దానికి విలువ. ఐతే సముద్రాలు దాటొచ్చిన పిల్లలకు తెరుచుకున్న తలుపుల గురించి గర్వపడే దేశం, ఊరి చివరి పిల్లలకు మూసుకున్న బడి తలుపుల లెక్క కూడా చెప్పాలి.

కారంచేడు, చుండూరు

1985 జులై 17న కారంచేడులో తాగే నీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ మాదిగపల్లె మీద దాడిగా మారింది. ఆరుగురు చనిపోయారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు జరిగాయి. బతికినవాళ్లు చీరాల చేరారు. మళ్లీ ఆ ఊరికి పోమన్నారు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టుకున్నారు. ఆ పోరాటంలోంచే అదే ఏడాది బొజ్జా తారకం, కత్తి పద్మారావుల నాయకత్వంలో దళిత మహాసభ పుట్టింది. కేసులో సాక్షిగా నిలబడ్డ దుడ్డు అలీసమ్మ హతురాలైంది. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో గానీ రాలేదు.

1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మందిని నరికి, కొందరిని గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేశారు. పోలీసులు పేటలోకి వచ్చి మగవాళ్లను పారిపొమ్మన్నారనీ, పారిపోయినవాళ్లకు పొలాల్లో కాచుకున్న గుంపులు ఎదురయ్యాయనీ బాధితులు చెప్పారు. రక్షించాల్సిన యూనిఫారం ఏం చేసిందో చెప్పటానికి ఇంతకన్నా అక్కర్లేదు. బతికినవాళ్లకు తెనాలిలో రక్షణ సైన్యం ఆవరణలో నీడ దొరికింది. చనిపోయినవాళ్లను ఊళ్లోనే పూడ్చుకున్నారు. ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టారు. డెల్టాలో దళితులు సొంతంగా, ఎవరి అనుమతీ దయా లేకుండా నిలబెట్టుకున్న స్మారకాల్లో ఇది ముఖ్యమైనది. కేసు విచారణకు ప్రత్యేక కోర్టును ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. అప్పీళ్లు సుప్రీంకోర్టుకు వెళ్లాయి.

మన స్మారకాలు చనిపోయినవాళ్లవి. రక్షకులవి కావు. దీనికి సూటి కారణమే ఉంది. రక్షకుల లెక్క తీయటానికి ముందు హంతకుల లెక్క తేలాలి. జర్మనీలో అది కొంతైనా తేలింది. కాబట్టి అక్కడ రక్షకుడికి పెట్టే రాయి హంతకుడి నేరాన్ని చెరిపెయ్యదు. నేరం తేలనిచోట రక్షకుడి విగ్రహం చాలా ప్రమాదం. ఊళ్లో మంచివాళ్లు కూడా ఉన్నారుగా, ఇక మర్చిపోండి అనటానికి అది పనికొస్తుంది.

ఇది ఊహ కాదు. 2014 జులైలో బుడాపెస్టు స్వేచ్ఛా చౌకులో హంగరీ ప్రభుత్వం ఒక స్మారకం నిలబెట్టింది. జర్మన్ గద్ద కిందికి దూకుతుంటే హంగరీ దేవదూత రూపంలో అమాయకంగా నిలబడి ఉంటుంది. రైళ్లలోకి యూదులను ఎక్కించిన హంగరీ చేతులు ఆ శిల్పంలో కనపడవు. దాని ఎదురుగా బాధిత కుటుంబాలూ పౌరులూ తమ ఇళ్లలోని ఫొటోలు, ఉత్తరాలు, పాత సూట్‌కేసులు తెచ్చిపెట్టి ఎదురు స్మారకం చేశారు. హైకోర్టు చుండూరు నిందితులందరినీ వదిలేసింది కూడా ఆ ఏడాదిలోనే. ఎనిమిది మంది చచ్చిపోయారు, చంపినవాళ్లు మాత్రం లేరు. అక్కడ రాతిలో చెప్పింది, ఇక్కడ తీర్పులో చెప్పింది ఒకటే.

డాన్యూబ్ ఒడ్డున 2005లో పెట్టిన ఇంకో స్మారకాన్ని మాదిగలు ప్రత్యేకంగా గమనించాలి. కాల్చేముందు చెప్పులు విప్పించేవాళ్లు, చెప్పుకు విలువుంది గనక. మనిషికి లేదు. ఆ గుర్తుగా గట్టు మీద 60 జతల ఇనప చెప్పులు వరసగా పెట్టారు. రక్షకుడూ లేడు, దేవదూతా లేడు. మన తాతలు చెప్పులు కుట్టి దొరలకిచ్చి, వాళ్ల వీధిలో నడిచేటప్పుడు తమ చెప్పులు చేతిలో పట్టుకున్నారు. ఆ ఇనప చెప్పుల అర్థం మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

మనం చేయాల్సింది

యాద్ వషేమ్ కొలతను ఉన్నదున్నట్టు తెచ్చుకోమని మేము చెప్పటంలేదు. అందులో ఒక లోటుంది. యూదులను కాపాడిన యూదులకు ఆ బిరుదు లేదు, సొంతవాళ్లను కాపాడుకోవటం బాధ్యతేనన్న తర్కంతో. మన దగ్గర ఈ తర్కం పెడితే అసలు రక్షకులే జాబితాలోంచి పోతారు. కారంచేడు మాదిగల కోసం కదిలిన మాలలు, సాక్ష్యం చెప్పి ప్రాణం పోగొట్టుకున్న అలీసమ్మ, ఫీజు లేకుండా ఏళ్లతరబడి కేసులు నడిపిన వకీళ్లు, ఇరవై ముప్ఫై మందికి తన గంజిలో పాలు పంచిన పేటలోని ముసలమ్మ ముందు వరసలో ఉండాలి. తర్వాతే, నాలుగు ప్రశ్నలకూ నిలబడితే, ఊళ్లోవాళ్లు.

2024 జనవరి 19న విజయవాడ స్వరాజ్ మైదానంలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. 81 అడుగుల పీఠంతో కలిపి 206 అడుగులు. పెట్టిన ప్రభుత్వాల లెక్కలు వాటికుంటాయి. ఐనా ఆ విగ్రహంలో ఒక సంగతి ఉంది. కింద పడిపోయిన మనిషి అందులో లేడు. వాడలో సిమెంటుతో చేసిన చిన్న విగ్రహంలోనూ లేడు. ఘెట్టోలో పుట్టినవాడే లేచి నిలబడి పుస్తకం పట్టుకున్నాడు. కార్ల్ లుట్జ్ శిల్పం చెప్పలేకపోయినదాన్ని వాడలోని సిమెంటు బొమ్మ చెప్తోంది.

కంచు, సిమెంటు ప్రభుత్వాలూ సంఘాలూ చూసుకుంటాయి. పరిశోధకుల పని వేరే ఉంది. 1985లో, 1991లో పాతికేళ్లవాళ్లు ఇవాళ ముసలివాళ్లయ్యారు. ఆ రాత్రి ఎటు పరుగెత్తారు, ఎవరు తలుపు తీశారు, ఎవరు వేసుకున్నారు, ఎవరు దారి చూపించారు, ఎవరు ఆచూకీ చెప్పి పట్టించారు అన్నది పేరుపేరునా వాళ్లనే అడిగి రాసుకోవాలి. తలుపు తీసినవాళ్ల పేర్లతో పాటు వేసుకున్నవాళ్ల పేర్లు కూడా. వాళ్లు పోయాక ఎవరో ఒకరు వచ్చి, ఊరంతా కాపాడిందని పలక చెక్కిస్తారు. అప్పుడు కాదనటానికి మన దగ్గర కాగితం ఉండాలి.